ఏడాదికొక్కరోజు మూసే దారి

మా ఇంటి పక్కనున్న చెక్కగేటు పొద్దున్నుంచి గాలికి కొట్టుకుంటోంది. కాలేజీ పిల్లలు బస్సు కోసం పరిగెడుతూ దాన్ని తోసుకుని పోతారు. వెనక్కి తిరిగి గొళ్ళెం పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కోటు తగిలించుకుని వెళ్ళి గొళ్ళెం పెట్టి వస్తాను. స్టవ్ మీద పాలు పొంగేలోపు మళ్ళీ అదే చప్పుడు. ఆ పిల్లల మీద రావలసిన కోపం ఎందుకో ఆమె మీదకు పోతుంది. పోయి ఏడాది కావస్తోంది, ఇంకా నన్ను విసిగిస్తూనే ఉంది.

ఆమె పేరు రాయను. బతికుండగా కూడా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. మిసెస్ అని, దాని వెనక భర్త ఇంటిపేరు చేర్చి పిలవాలి. పిల్లలు ముద్దుగా గ్రానీ అంటే, తనకు మనవలు లేరని అక్కడికక్కడే దిద్దేది. పెళ్ళి కాగానే ఇంగ్లండు నుంచి వచ్చి, భర్త ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యి, చనిపోయి, తనకు ఎనభై దాటినా, ఈ దేశంలో అందరూ అందరినీ పేరుతోనే పిలుస్తారన్న సంగతి ఆమె ఒప్పుకోలేదు.

మేముండేది కెనడాలో, ఒషావా ఊళ్ళో, చివర మూసుకుపోయిన ఒక వీధి. చివరి ఇల్లు మాది. మా కంచెకు ఆనుకుని ఆమె పెరడు. ఆమె ఇంటి ముఖం మాత్రం అటువైపు పెద్దరోడ్డు మీదికి. కాలేజీకి పోయే బస్సు సరిగ్గా ఆమె వాకిట్లో ఆగుతుంది. మా వీధి నుంచి రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి ఆ బస్సు దగ్గరికి పోవాలంటే అరగంట నడక. సగం దూరం ఫుట్‌పాత్ కూడా లేదు, లారీల పక్కన నడవాలి. ఆమె పెరట్లోంచి పోతే రెండు నిమిషాలు.

పిల్లలు వరదలా వచ్చిన ఏళ్ళవి. మా వీధిలో ఏ బేస్‌మెంటులో చూసినా నేలమీద వరసగా పరుపులు, గుమ్మం నిండా బూట్లు. సగానికి పైగా మన కరీంనగర్, నల్గొండ, గుంటూరు వైపు పిల్లలే. పగలు క్లాసులు, సాయంత్రాలు వేర్‌హౌసులు. మా అమ్మాయి కూడా కింది గదులు ఇద్దరు ఆడపిల్లలకు అద్దెకిచ్చింది. అందులో ఒకమ్మాయి శ్రావణి, జగిత్యాల దగ్గర పిల్ల. మా ఊరికి దగ్గర కాబట్టి నాకు కాస్త ఎక్కువ.

ఆ చెక్కగేటు పెట్టించింది ఆమే. ఎవరూ అడగలేదు. ఒక చలికాలం పిల్లలు మంచులో రోడ్డంచున నడిచిపోవడం వంటగది కిటికీలోంచి చూసిందట. మర్నాడే మనిషిని పిలిచి మొక్కల కంచెకు గండి కొట్టించి గేటు బిగించింది. గ్యారేజీ పక్క నుంచి రోడ్డు దాకా కంకర పరిపించింది. అంతవరకు ఎవరైనా మెచ్చుకుంటారు. ఆ తర్వాత మొదలయ్యాయి షరతులు. గొళ్ళెం పెట్టాలి. సైకిలు తొక్కకూడదు. ఫోన్లో మాట్లాడుతూ నడవకూడదు. కిటికీలో ఆమె కనిపిస్తే గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకపోతే చెంచాతో అద్దం మీద కొట్టేది. బస్సు అందుకోవాలని పరిగెడుతున్న పిల్లవాడు ఆగి, వెనక్కి నడిచి, గుడ్ మార్నింగ్ చెప్పి మళ్ళీ పరిగెత్తడం నేను నా కళ్ళతో చూశాను. అప్పుడు ఆమె చెంచా కిందపెట్టి, అరచేతిని బల్ల మీద బోర్లించి, చిన్నగా తల ఊపేది. కలెక్టరు అర్జీ పుచ్చుకున్నట్టు.

ఏం మాట్లాడినా చివరికి వాళ్ళ ఊరికి చేరేది. 'మా ఊళ్ళో' అని మొదలుపెట్టిందంటే కుర్చీ వెతుక్కోవలసిందే. నలభై ఇళ్ళ ఊరు. ఒక్కటే వీధి, ఒక చర్చి, ఒక చెరువు, ఒక సారా దుకాణం, పోస్టాఫీసు కూడా అందులోనే ఉండే ఒక కొట్టు. ఊరి పేరు కూడా రాయను. రాస్తే ఎవరైనా వెతుక్కుంటూ పోతారేమో. పోయినా ఇప్పుడక్కడ టీ చుక్క దొరకదని ఆమే చెప్పింది. కొట్టు మూసేశారు, బస్సు ఆపేశారు, ఇళ్ళన్నీ లండన్ వాళ్ళు కొనుక్కుని శని, ఆదివారాలు వచ్చి పోతున్నారు. అయినా ఆమె చెప్పే ఊళ్ళో అందరూ ఉన్నారు. ఎండాకాలం బండిచక్రాలు సడలకుండా వాటిని చెరువులో నానబెట్టే వడ్రంగి ఉన్నాడు. ఆదివారం ఊరందరి మాంసం తన పొయ్యిలో కాల్చి ఇచ్చే రొట్టెలవాడు ఉన్నాడు. చర్చికి పోతూ ఎవరి పళ్ళెం వాళ్ళు అతని దగ్గర దించి, వస్తూ తీసుకుపోయేవాళ్ళట. ఒకసారి రెండు పళ్ళేలు తారుమారయ్యాయి, చిన్న ముక్క వచ్చినవాళ్ళు పెద్ద ముక్క వచ్చినవాళ్ళతో మాట్లాడటం మానేశారు. ఆ రెండిళ్ళ మనవలు కూడా మాట్లాడుకోరట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతిసారీ ఆ ముక్క ఇంకాస్త పెద్దదయ్యేది.

ఆ ఊరి చర్చి నుంచి నెలకోసారి ఆమెకు నాలుగు పేజీల కాగితం పోస్టులో వచ్చేది. నాకు తెలుగు అక్షరాలు వచ్చిందే మా అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు. ఇంగ్లిషు అక్షరాలు ఇక్కడికి వచ్చాక. కూడబలుక్కుని చదువుతానని తెలిసి, ఆ కాగితం రాగానే నన్ను పిలిచి చదివించేది. కళ్ళు సరిగా కనపడవని వంక. తప్పు చదివితే మాత్రం కాగితం చూడకుండానే పట్టేది. అలా నాకు ఇంగ్లిషులో ముందుగా వచ్చిన మాటలు పొదకంచె, పాదిరి, గుమ్మడికాయల పోటీ. సరుకుల షాపులో అవి ఎందుకూ పనికిరాలేదు. మా ఊళ్ళో ఇప్పుడు సర్పంచి ఎవరో నాకు తెలియదు గానీ, ఆ ఊళ్ళో వచ్చే నెల చర్చిలో పూలు పెట్టే వంతు ఎవరిదో తెలుసు. ఇది నేను కెనడా వచ్చి సాధించింది.

ఒక్కోసారి మాత్రం ఆమె చెప్పేది విని నోరు మూసుకోలేకపోయేదాన్ని. కోతలయ్యాక వాళ్ళ అమ్మ, చెల్లెళ్ళు చేలో రాలిన కంకులు ఏరుకునేవాళ్ళట. మా దగ్గర దాన్ని పరిగె ఏరడం అంటారు, నేను చిన్నప్పుడు చేసిన పనే. కానీ వాళ్ళ ఊళ్ళో దానికీ ఒక పద్ధతి. చేను మధ్యలో ఒక కట్ట నిలబెట్టి ఉందంటే ఇంకా ఎవరూ దిగకూడదు. ఆ కట్టను పోలీసు అనేవాళ్ళట. దాన్ని తీసేసి, చర్చిలో గంట కొట్టాకే అందరూ ఒకేసారి దిగాలి, సాయంత్రం గంటకు ఒకేసారి బయటికి రావాలి. మా దొర గంటలేం కొట్టలేదనీ, పరిగెకు దిగితే కర్ర విసిరేవాడనీ నేను చెప్పాను.  ఆమె, 'గంట ఉంటే మీకు కర్ర తప్పేది' అంది. ఓదార్చినట్టే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక ఆ దారి సంగతి.

మేం ఈ ఇంట్లోకి వచ్చాక మొదటి మార్చి. మంచు ఇంకా కరగలేదు. పొద్దున్నే శ్రావణి బయటికి వెళ్ళినట్టే వెళ్ళి, తలుపు ధడాలున వేస్తూ తిరిగొచ్చింది.

"ఆంటీ, గ్రానీ గేటుకు అడ్డంగ కుర్చీ ఏస్కోని కూసుంది. పోనిస్తలేదు. నాకు క్లాసున్నది."

వెళ్ళి చూద్దును కదా, నిజమే. మడత కుర్చీ, మొగుడి పాత కోటు, ఒళ్ళో ఫ్లాస్కు. గేటుకు లోపలివైపు గొలుసు. అప్పటికే నలుగురైదుగురు పిల్లలు గొణుక్కుంటూ వెనక్కి మళ్ళుతున్నారు. ఆమె మాత్రం ఒక్కొక్కరికీ వినయంగా గుడ్ మార్నింగ్ చెప్పి, 'ఇవాళ దారి మూసి ఉంది' అంటోంది. ఎందుకని అడిగాను. ఇవాళ కౌలు రోజు అంది.

నిలబెట్టి చెప్పింది, ఆ చలిలో. పూర్వం వాళ్ళ ఊరికి ఊరుమ్మడి బీడు ఉండేదట, మన బంచరాయి లాంటిది. ఆమె తాత కాలంలో ఊరి దొర దానికి కంచె వేసి తన తోటలో కలిపేసుకున్నాడు. ఆ తోటలోంచి చేలకు పోయే కాలిదారి ఒక్కటే ఊరివాళ్ళకు మిగిలింది. మా వైపైతే ఆ దొర ఇంటిని గడీ అంటాం, నా మనసులో అది గడీయే. వాళ్ళ చట్టం ఏమిటంటే, ఒక దారిన జనం ఏళ్ళ తరబడి అడ్డూ ఆపూ లేకుండా నడిస్తే అది జనానిదైపోతుంది. అందుకని దొర ఏటా ఒక్కరోజు, మార్చిలో కౌళ్ళు కట్టే రోజున, గేటు దగ్గర మనిషిని పెట్టి వచ్చినవాళ్ళను వెనక్కి పంపేవాడు. ఒక్కరోజు ఆపితే చాలు, దారి మళ్ళీ ఏడాదిపాటు అతనిదే.

ఆమెకు ఆరేళ్ళప్పుడు ఒక కౌలు రోజున, చేలో దున్నుతున్న తండ్రికి వాళ్ళమ్మ టీ డబ్బా తీసుకుని బయల్దేరింది. ఈమె తల్లి గౌను పట్టుకుని వెంట నడిచింది. గేటు దగ్గర మనిషి ఆపాడు. వాళ్ళమ్మ అతనికి గుడ్ మార్నింగ్ చెప్పి, ఊరవతలి పిండిమర మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళింది. చేరేసరికి టీ చల్లారిపోయింది. దారంతా ఈమె ఏడుస్తుంటే, తక్కిన రోజులన్నీ పోనిస్తున్నాడు కదా అని వాళ్ళమ్మ సర్ది చెప్పిందట.

ఇది విన్నాక నేను ఊరుకోలేకపోయాను. మీ అమ్మను ఆపినవాడు చేసిన పనే మీరూ చేస్తున్నారు కదా, మీకు సిగ్గనిపించడం లేదా అని అడిగాను. నా ఇంగ్లిషులో అది ఇంకా మొరటుగా వచ్చి ఉంటుంది.

ఆమె కోపగించుకోలేదు. "ఆ రోజే అనుకున్నాను, నాకూ ఒక గేటు ఉండాలని" అంది.

"ఉంది కదా. పిల్లల్ని పోనివ్వండి. ఆ దారి వాళ్ళదైపోతే మీకు పోయేదేముంది?"

"వాళ్ళదైపోతే ఇంక నేను ఇచ్చేదేముంది?"

మళ్ళీ ఫ్లాస్కు మూత తిప్పుకుంది. ఆమెతో వాదన ఎప్పుడూ ఇలాగే ముగిసేది. మనం గెలిచామనుకున్న చోట ఆమె టీ పోసుకునేది.

మరుసటి ఏడు కౌలు రోజు ఇంకా దారుణంగా వచ్చింది. శ్రావణి చదువు అయిపోయింది. వర్క్ పర్మిట్ చేతిలో ఉంది, పని లేదు. చదివిన చదువుకు తగిన పని దొరికితేనే పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, దారి. ఎన్నిటికో అప్లై చేస్తే దగ్గరి ఊరు ఏజాక్స్‌లో ఒక ఆఫీసు ఇంటర్వ్యూకు పిలిచింది. సరిగ్గా ఆ రోజునే. నేను వారం ముందే బొబ్బట్లు చేసి పట్టుకెళ్ళి ఆమెను అడిగాను. తింది, బాగున్నాయంది, ఇంకోటి తీసుకుంది, కుదరదంది. ఒక్కరిని పోనిచ్చినా మూసినట్టు కాదట. వాళ్ళ ఊళ్ళో పాదిరిని కూడా పోనివ్వలేదట.

ఆ పొద్దున శ్రావణి ఇస్త్రీ కోటు వేసుకుని, మంచి బూట్లు సంచిలో పెట్టుకుని చుట్టూ తిరిగి పోవడానికే చాలా ముందుగా బయల్దేరింది. ఆమె గేటు దగ్గర నుంచే చూసి పిలిచింది. ఆ అమ్మాయి ఆశగా పరిగెత్తింది. ఆమె ఎంతో గంభీరంగా చెప్పిన మాట ఇది: "దారి మూసి ఉంది. కానీ నా ఇల్లు మూసి లేదు. అతిథిగా వస్తే వెనక తలుపులోంచి రావచ్చు, ముందు తలుపులోంచి పోవచ్చు."

నేను ఆ క్షణంలో ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. తొందరపడ్డాను.

అతిథి అన్నాక బూట్లు విప్పాలి. సోఫాలో కూర్చోవాలి. టీ కాయాలి, ఆమె టీ ఆకు పింగాణీ కూజాలో నానడానికి సమయం కావాలి. పూల కప్పు, బిస్కెట్టు. బిస్కెట్టుతోపాటు రొట్టెలవాడి కథ. పళ్ళేలు ఇంకా తారుమారు కాకముందే కిటికీలోంచి బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోవడం శ్రావణి చూసిందట. లేవలేదు. ఆ తర్వాతి బస్సులో వెళ్ళి ఆలస్యంగా చేరింది. అప్పటికి వేరేవాళ్ళను లోపలికి పిలిచేశారు. అందరూ అయ్యాక చివర్లో పిలిచి రెండు మాటలు అడిగి పంపేశారు. ఆ పని రాలేదు.

సాయంత్రం కింద గదిలో కూర్చుని ఏడ్చింది. లేచి పోవచ్చు కదే అని నేను కసిరితే, "పెద్దమనిషి మాట్లాడుతుంటే టీ సగంల వదిలిపెట్టి ఎట్ల లేస్త ఆంటీ? మంచిగుండదు కదా" అంది. ఇద్దరినీ ఒకే గదిలో వేసి తాళం పెట్టాలనిపించింది.

ఆమె దగ్గరికి పోయి కడిగేశాను. లేస్తానంటే నేనాపానా అని ఆశ్చర్యపోయింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మా పిల్లలు లేవరని చెప్పాను. ముఖం పాలిపోయింది. అరచెయ్యి బల్ల మీద పెట్టుకుంది. సారీ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటుందా? మర్నాడు ఎవరికీ చెప్పకుండా టోపీ పెట్టుకుని బస్సెక్కి ఏజాక్స్ వెళ్ళింది. ఆ ఆఫీసులో మేనేజరు వచ్చేదాకా కూర్చుని, తప్పు తనదని, ఆ అమ్మాయి చాలా మర్యాదస్తురాలని, అసలు కౌలు రోజంటే ఏమిటో మొదటి నుంచి వివరించి వచ్చింది. వాళ్ళు శ్రావణికి ఫోన్ చేసి, దయచేసి మీ ల్యాండ్‌లేడీని పంపవద్దన్నారు. ఆమె ల్యాండ్‌లేడీ కాదని చెప్పే ఓపిక కూడా ఆ పిల్లకు లేకపోయింది. ఎండాకాలానికి విండ్సర్‌లో ఇంకో పని దొరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు ఆమెకు చెప్పి రమ్మంటే, బస్సెక్కే టైముకు రెండు గంటల ముందు వెళ్ళింది. తెలివొచ్చింది.

ఆ తర్వాతి చలికాలం ఆమె పడిపోయింది. పిల్లలు జారిపడతారని కంకర దారి మీద తనే ఉప్పు చల్లుతూ జారింది. తుంటి విరిగింది. పిల్లలే చూసి అంబులెన్స్ పిలిచారు. ఆసుపత్రిలో మంచం మీద కూడా నర్సులు పేరు పెట్టి పిలుస్తుంటే దిద్దుతూనే ఉంది. ఆపరేషన్ అయ్యాక గుండె బలహీనపడింది, మాట సన్నగిల్లింది. నేను రెండు రోజులకోసారి వెళ్ళేదాన్ని. నెల కాగితం వస్తే తీసుకెళ్ళి చదివేదాన్ని.

మార్చి దగ్గరపడుతుండగా ఒకరోజు కాగితం మధ్యలో ఆపించింది. ఈసారి గేటు దగ్గర ఎవరు కూర్చుంటారని అడిగింది. ఎవరూ కూర్చోరని చెప్పాను. నన్ను కూర్చోమంది. నాకు నిజంగా కోపం వచ్చింది. మా పిల్లల్ని నేనే ఆపాలా, నావల్ల కాదన్నాను. మేనల్లుణ్ణి పిలిపించుకోమన్నాను. ఏజాక్స్‌లో ఉంటాడు, అప్పుడప్పుడూ వచ్చి పోతాడు. అతను చెయ్యడంది, నవ్వుతాడంది.

కాసేపు దుప్పటి అంచు సర్దుకుంది. "ఈ ఏడు ఎవరూ మూయకపోతే, నేను ఇవ్వడం ఇక్కడితో అయిపోయినట్టే. అది ఊరికే ఉన్న దారి అయిపోతుంది" అంది.

ఆ మాటకు కరిగిపోయానని రాస్తే బాగుంటుంది గానీ, కరగలేదు. విసుగొచ్చి సరే అన్నాను. సరే అనకపోతే ఊరుకోదని తెలుసు. ఊపిరి ఆడటమే కష్టంగా ఉన్న మనిషి, ఆ ఊపిరంతా దీనిమీదే పెడుతుందని తెలుసు.

ఆ రోజు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు. వీధిలో శ్రావణి కాలం పిల్లలు లేరు, అంతా కొత్తవాళ్ళు. మొదట వచ్చిన అబ్బాయికి ఇవాళ దారి మూసి ఉందన్నాను. తమాషా అనుకుని నవ్వాడు. నేను లేవకపోయేసరికి నవ్వు ఆగిపోయింది.

"మనోళ్ళయ్యుండి గిట్ల జేస్తరా ఆంటీ? తెల్లామె ఇంటికి ఎన్నడు వాచ్‌మెన్‌ అయిన్రు?"

వెనకున్న అమ్మాయిలు కిసుక్కుమన్నారు. గుడ్ మార్నింగ్ చెప్పాను. 

వాళ్ళు తలలు వంచుకుని చుట్టూ తిరిగిపోతుంటే చూడలేక మా అల్లుడికి ఫోన్ చేశాను. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు పాపం. కారు తీసి పిల్లల్ని బస్టాపు దగ్గర దింపమన్నాను.

"అత్తయ్యగారూ, మీరు దారి మూయడం ఏంటి, నేను కారేసుకుని తిప్పడం ఏంటండీ? గేటు తీసేస్తే పోద్ది కదండీ" అన్నాడు. గుంటూరు మనిషి, మర్యాద వదలకుండా విసుక్కుంటాడు. మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉన్నాడు. రెండో విడత పిల్లలు ఇదేదో కొత్త సర్వీసు అనుకుని గేటు దగ్గరికి రాకుండా నేరుగా కారు దగ్గరే నిలబడ్డారు. అలా నిలబడితే లెక్కకు రాదని, ముందు నా దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళాలని నేను కేకేశాను. కేకేసిన తర్వాత నా గొంతు విని నాకే భయమేసింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి మూశానని చెప్పాను. కళ్ళు తెరిచింది. ఎవరైనా వచ్చారా అంది. ఎవరూ రాకపోతే మూసినట్టు కాదట, కనీసం ఒకరైనా వెనక్కి తిరగాలట. చాలామంది వచ్చారని, అల్లుడు కారులో దింపాడని చెప్పాను. దానికి ఆమె నవ్వింది. అంతకుముందు ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూడలేదు.

"మా దొర ఎప్పుడూ బండి పంపలేదు" అంది. తర్వాత, "తిట్టారా?" అని అడిగింది.

తిట్టారన్నాను. ఏమన్నారని అడిగితే వాచ్‌మెన్ సంగతి చెప్పాను. తృప్తిగా తల ఊపింది. "అయితే రేపు గేటు తెరిచేయండి" అంది.

ఆ నెల దాటలేదు. నిద్రలోనే పోయింది.

చర్చిలో తంతు అయ్యాక కింద హాల్లో టీ, చిన్న చిన్న సాండ్‌విచ్‌లు. మేనల్లుడు మంచివాడు, అందరినీ పలకరిస్తూ నా దగ్గరికి వచ్చాడు. గేటు దగ్గర కూర్చున్నది మీరేనా అని నవ్వి, చెప్పాల్సింది కాదేమోనని నసుగుతూ చెప్పాడు. అలాంటి చట్టమేదీ ఇక్కడ వర్తించదట. ఎన్నేళ్ళు నడిచినా ఆ దారి ఎవరిదీ అయిపోదట. అతనే లాయరును అడిగి ఆమెకు చెప్పాడు, ఎప్పుడో, గేటు పెట్టిన ఏడే.

 ఆమెకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మరేమందని అడిగాను.

"అది కెనడా సంగతి అంది" అన్నాడు.

చలిలో నేను కూర్చున్నది, మాటలు పడ్డది, నిద్ర మొహంతో మా అల్లుడు కారు తిప్పింది, లేని చట్టం కోసం. లేదని తెలిసి కూడా ఆవిడ చేయించింది. ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. లేదు కాబట్టి మేనల్లుడి ముఖం చూసి, టీ బాగుందన్నాను.

ఇల్లు అమ్మేశారు. కొన్నది మన తెలుగాయనే, టొరంటో వైపు ఉండే రిటైరైన ఇంజనీరు. ఇల్లంతా గదులుగా విడగొట్టి పిల్లలకే అద్దెకిచ్చాడు. గేటుకు తాళం వేస్తాడేమోనని నేను భయపడుతూ వెళ్ళి అడిగాను. ఆ దారి సంగతి, కౌలు రోజు సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విని, "మూయడం ఎందుకమ్మా, పిల్లలే కదా, ఏడాది పొడుగునా పోనీండి" అన్నాడు. పోట్లాడటానికి వెళ్ళినదాన్ని పోట్లాట లేకుండా తిరిగొచ్చాను.

కాబట్టి దారి ఉంది. ఎప్పుడూ తెరిచే ఉంది. ఆపేవాళ్ళు లేరు, దిద్దేవాళ్ళు లేరు, సైకిళ్ళు పోతున్నాయి. మొన్న ఒకమ్మాయిని గొళ్ళెం పెట్టమని అడుగుతూ, ఈ దారి ఎవరు వేశారో తెలుసా అన్నాను. "సిటీవాళ్ళు వేసిందే కదా ఆంటీ" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు. ఆ పిల్లను అనడానికేముంది? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? బీడు దగ్గర్నుంచా, టీ డబ్బా దగ్గర్నుంచా? నోరు తెరిచాను. ఆ అమ్మాయి అప్పటికే ఫోను చూసుకుంటోంది.

నిన్న కౌలు రోజు. ఎవరూ గుర్తు చెయ్యలేదు. పొద్దున లేవగానే నాకే తెలిసింది, అది ఇంకో చిరాకు. పది గంటలకు నాకు కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్. గేటు బార్లా తెరిచి ఉంది. పిల్లలు వరసగా పోతున్నారు. దాన్ని మూయడానికి నాకు హక్కు లేదు, స్థలం నాది కాదు. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను.

వెనక్కి తిరిగి రోడ్డు పట్టాను.

మలుపు దాటితే ఫుట్‌పాత్ లేదు. కరిగిన మంచు రాత్రి మళ్ళీ గడ్డకట్టి ఉంది. లారీ ఒకటి పోతూ బురద నీళ్ళు నా కోటు మీద చిమ్మింది. మోకాళ్ళు నొప్పి. ఎవరు చూస్తున్నారని, ఎవరికి తెలుస్తుందని అడుగడుగునా ఆమెను అడుగుతూ, తిడుతూ నడిచాను. మధ్యలో ఎదురుగా, ఆ రోడ్డు మీది షాపులో సరుకులు కొనుక్కున్న అబ్బాయి, మా వీధి పిల్లవాడే, సంచులతో వస్తూ నన్ను చూసి ఆగాడు.

"ఆంటీ, ఇటెందుకు వస్తున్నరు? గేటు తీసే ఉన్నది కదా."

"ఇవాళ నాకు మూసి ఉంది నాయనా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చెప్పడానికి నాకు టైము లేదు. నేను బస్టాపు చేరేసరికి, అనుకున్నంతా అయ్యింది, బస్సు వెళ్ళిపోయింది.